బెండ ఈనెలకు పట్టిన పసుపు

తెగులు తగిలిన బెండాకును కోసి ఎండకేసి ఎత్తి పట్టుకుంటే ముందుగా కంటికి ఆనేది అందమే. ఆకు నడుమ ఇంకా పచ్చదనం ఉంటుంది. ఈనెలు మాత్రం పెద్దవీ చిన్నవీ అన్నీ కొసదాకా పసుపు పూసినట్టు తేలి, ఆకు మీద వల పరిచినట్టు కనబడతాయి. కొన్నాళ్లు గడిస్తే ఆ వల కళ్లు పూడిపోతాయి. ఆకంతా పసుపు, ఆపైన తెలుపు. కాయ చిన్నదై, పాలిపోయి, గిడసబారుతుంది. కొస విరిస్తే టప్పున విరగదు, పీచు సాగుతుంది. బజారులో బెండకాయలు ఏరుకునే ప్రతి చెయ్యీ ఆ కొసనే విరిచి చూస్తుంది. పాలిపోయిన కాయనైతే విరిచి చూడను కూడా చూడరు, పక్కకు నెట్టేస్తారు.

మన రైతులు దీన్ని పల్లాకు తెగులంటారు. శంఖు రోగమని కూడా అంటారు. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఎల్లో వీన్ మొజాయిక్. ఆ పేరు పుట్టి ఎనభై ఏళ్లు దాటింది. దాని వెనక ఉన్నది ఒక వైరస్ కాదు, ఒక మంద అని తెలిసి మాత్రం ఎన్నో ఏళ్లు కాలేదు. ఈలోగా బెండ సాగులో ఒక తరం రైతులు ఒక రకాన్ని నమ్ముకుని మోసపోయారు, తర్వాతి తరం ఇంకో రకాన్ని నమ్ముకుంది.

తెగులు కాగితం మీదికి ఎక్కింది 1924లో. బొంబాయి ప్రెసిడెన్సీలో పంటలకు వచ్చే మొజాయిక్ తెగుళ్ల గురించి కులకర్ణి అనే శాస్త్రవేత్త రాసినప్పుడు అందులో బెండ కూడా ఉంది. అప్పటికి వైరస్ అంటే సన్నటి వడపోతకు కూడా చిక్కకుండా జారిపోయే ఏదో విషమనే ఊహ తప్ప, దాని రూపం చూసినవాళ్లు లేరు. పదహారేళ్ల తర్వాత, 1940లో, ఉప్పల్, వర్మ, కపూర్ అనే ముగ్గురు ఇది వైరస్ వల్ల వచ్చేదేనని తేల్చి, ఈనెల పసుపును బట్టి ఇప్పుడు మనం వాడే పేరు పెట్టారు. తెగులు మొక్క రసాన్ని మంచి మొక్క ఆకు మీద రుద్దితే తెగులు రాదు. కొమ్మకు కొమ్మ అంటు కడితే వస్తుంది. చేలో ఎవరూ అంటు కట్టరు కదా, మరి ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు దీన్ని మోస్తున్నది ఎవరు?

జవాబు ఆకు అడుగున దొరికింది. 1950ల్లో పి.ఎం. వర్మ వరసగా చేసిన ప్రయోగాల్లో మోసేది తెల్లదోమ అని తేలింది. పేరులో దోమ ఉన్నా అది దోమ కాదు, ఈగా కాదు. పేనుబంకకు చుట్టం. మిల్లీమీటరు పొడవుండే ఈ పురుగు ఆకు అడుగున కూర్చుని, సన్నటి ముట్టెను ఈనెలోకి దించి తీపి రసం పీలుస్తుంది. తెగులు మొక్క మీద తాగిన రసంతో వైరస్ దాని ఒంట్లోకి చేరి, పేగు దాటి, నెత్తుటిలో తిరిగి, చివరికి లాలాజలంలోకి వస్తుంది. ఆ తర్వాత అది ఏ మొక్క మీద వాలినా రోజుల తరబడి అంటిస్తూనే ఉంటుంది. పొద్దున్నే బెండ మొక్కను చేత్తో కదిపితే పిండి చల్లినట్టు లేచి, మళ్లీ పక్క సాలులో వాలేది ఇదే.

నష్టం ఎంతో అంకెల్లో చూపింది 1974లో శాస్త్రి, సింగ్ అనే ఇద్దరు. మొలిచాక 35 రోజులకు తెగులు సోకితే దిగుబడిలో నూటికి 94 వంతులు పోతుంది. 50 రోజులకు సోకితే 84 వంతులు, 65 రోజులకు సోకితే 49 వంతులు. బెండకు తొలి కోత అందేదే ఇంచుమించు 45, 50 రోజులకు. అంటే దుక్కి, విత్తనం, ఎరువు, కలుపు కూలి అన్నీ పెట్టేసి, ఇక కాయ దింపుకోవడమే మిగిలిందనుకునే వేళకు ఈనెలు పసుపెక్కుతాయి. బెండ కోత తేలిక పని కాదు. రోజు విడిచి రోజు కోయాలి, లేకుంటే కాయ ముదురుతుంది. నూగు గుచ్చుకుని చేతులు దురద పెడతాయని ఆడవాళ్లు పాత చొక్కాలు తొడుక్కుని, వేళ్లకు గుడ్డ చుట్టుకుని, తెల్లవారకముందే చేలో దిగుతారు. ఆ అవస్థంతా పడి కోసిన గంపలో సగం పాలిపోయిన కాయలే వస్తే కోత కూలి కూడా గిట్టదు.

మందు కొట్టి వైరస్‌ను చంపలేరు. మొక్కకు వైరస్ పట్టాక వదిలించే మందు ఈనాటికీ లేదు. తెల్లదోమను చంపొచ్చు గాని, పక్క చేను నుంచి రేపు ఇంకొకటి ఎగిరొస్తుంది. అందుకే మొదటి నుంచీ అందరి ఆశా తెగులును తట్టుకునే విత్తనం మీదే.

ఆ విత్తనం బెంగాల్ నుంచి వచ్చింది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో దేశం నలుమూలల నుంచి తెప్పించిన బెండ గింజలను వేసి చూస్తుంటే, పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన ఒక రకం పసుపెక్కకుండా నిలబడింది. దాని పేరు ఐసీ-1542. ఐసీ అంటే ఇండిజినస్ కలెక్షన్, అంటే మన నేల మీదే సేకరించినదని. ఏ పెరట్లో ఎవరు ఎన్ని తరాలు దాచుకున్న గింజో, రికార్డులో మిగిలింది ఆ నంబరే. హర్‌భజన్ సింగ్ బృందం దాన్ని పూసా మఖ్మలీ అనే మృదువైన కాయ రకంతో సంకరం చేసి, ఏరి, మళ్లీ ఏరి, పూసా సావనిని తయారు చేసింది. వివరాలను 1962లో ప్రచురించారు. పేరులోని పూసా బీహార్‌లోని ఒక ఊరు. సంస్థ మొదట అక్కడే ఉండేది, 1934 భూకంపానికి భవనాలు కూలాక ఢిల్లీకి మారింది. సావని అంటే సావన్ మాసపు పంట. తెగులు విరగబడే వానాకాలంలో కూడా వేసుకోవచ్చని ఆ పేరే రైతుకు చెప్పింది.

పూసా సావని దేశమంతా పాకింది. తెలుగు జిల్లాల్లో కూడా సిఫారసు చేసిన రకాల్లో దానికి ఏళ్ల తరబడి చోటు ఉంది. కాయ నున్నగా, ముదురు ఆకుపచ్చగా ఉంటుంది. పైగా సొంత విత్తనం కట్టుకోవచ్చు. ముదిరిన బెండకాయ దేనికీ పనికిరాదనే మాట వంటింట్లో పుట్టింది. చేలో ముదిరిన కాయే వచ్చే ఏటి పంట. నాలుగు మంచి మొక్కలను వదిలేసి, కాయలను చెట్టునే ఎండనిచ్చి, పగలకముందే తెంపి, గింజను బూడిదలో కలిపి దాచుకునే అలవాటు మొన్నటి దాకా ఊళ్లలో ఉండేది.

ఈ రకంలో ఒక మెలిక ఉంది. బెంగాల్ రకం వైరస్‌ను లోపలికి రానివ్వని రకం కాదు. వైరస్ వచ్చినా పసుపెక్కని రకం. శాస్త్రవేత్తలు అప్పుడే దాన్ని లక్షణాలు చూపని వాహకం అన్నారు. అంటే చేను పచ్చగానే కనబడుతుంది, రైతు సంతోషిస్తాడు, వైరస్ మాత్రం లోపల పెరుగుతూ ఉంటుంది, తెల్లదోమ దాన్ని పీల్చి పక్క మొక్కకు మోస్తూనే ఉంటుంది. ఈ సంగతికి ఆనాడు ఇవ్వాల్సినంత బరువు ఇవ్వలేదనే చెప్పాలి. ఆకు పచ్చగా ఉందా లేదా అన్నదే పరీక్ష అయింది, లోపల ఏముందో చూసే సాధనం లేదు. పదిహేను ఇరవై ఏళ్లు గడిచేసరికి పూసా సావని కూడా మిగతా రకాల్లాగే పసుపెక్కడం మొదలుపెట్టింది.

సాగు బెండలో ఇక దారి లేదనిపించి శాస్త్రవేత్తలు అడవి చుట్టాల వైపు తిరిగారు. నారియాని, సేఠ్ 1958లోనే బెండ కుటుంబంలోని అడవి జాతులను తెగులుకు పెట్టి చూసి, కొన్నింటికి అసలు సోకడం లేదని గుర్తించారు. గట్ల మీద, కొండ వాలుల్లో, ఎవరూ నాటకుండా మొలిచే ముళ్ల నూగు బెండలవి. కాయ నోట పెట్టలేం. సాగు బెండకు సాధారణంగా 130 క్రోమోజోములుంటాయి, అడవి జాతులవి వేరే లెక్కలు. రెంటినీ కలిపితే పుట్టిన మొక్క చాలాసార్లు గొడ్డుపోతుంది. దక్కిన కాసిని గింజలనూ మళ్లీ మళ్లీ సాగు బెండతో కలుపుతూ, అడవి గుణాల్లో తెగులును ఆపే గుణం ఒక్కటి ఉంచి తక్కినవన్నీ కడిగేయాలి. ఏళ్లు పట్టే పని అది.

పర్భనీలోని మరాఠ్వాడా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో జంభలే, నెర్కర్ ఆ పని చేశారు. పూసా సావనినే ఒక అడవి జాతితో కలిపి, 1985లో పర్భనీ క్రాంతిని విడుదల చేశారు. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఇంకో అడవి చుట్టంతో కలిపి అర్క అనామిక, అర్క అభయ్ రకాలను తెచ్చింది. ఈ మూడు పేర్లూ తెలియని కూరగాయల రైతు తెలుగు నాట అరుదు. తెగులు వెనక్కి తగ్గింది. కొన్నేళ్లు.

అడవి చుట్టాలతో కలిపిన ఆ రకాలు చేలకు వస్తున్న రోజుల్లోనే, 1980ల్లో, బెంగళూరు పరిసరాల్లో బెండ మీద ఇంకో తెగులు కనిపించింది. ఈనెలు పసుపెక్కలేదు. ఆకులు పైకి ముడుచుకున్నాయి, ఆకు అడుగున ఈనెల మీద చిన్న చిన్న మొటిమలు లేచాయి, కాండం మెలి తిరిగింది. సింగ్, దత్తా 1986లో దీన్ని కొత్త వైరస్ తెగులుగా నమోదు చేశారు. ఈనెల పసుపుకు నిలిచిన రకం దీనికి నిలవాలని ఏముంది? ఆ ప్రశ్న వేయాలంటే ముందు రెండు తెగుళ్లలోనూ ఉన్నదేమిటో చదవాలి.

చదవడానికి వీలైంది వైరస్ డీఎన్ఏను పట్టుకున్నాకే. ఈ వైరస్‌లను జెమినీ వైరస్‌లంటారు. ఒకదానికొకటి అతుక్కున్న రెండు గుళ్లలా, మిథున రాశి బొమ్మలా ఉంటాయని ఆ పేరు. లోపల గుండ్రంగా చుట్టుకున్న ఒంటి పోగు డీఎన్ఏ, అందులో దాదాపు 2,740 అక్షరాలు. పత్రికలో రెండు పేజీలకు పట్టేంత. అంత చిన్న రాతతో ఒక చేనంతా పచ్చదనం పోగొట్టుకుంటుందంటే నమ్మబుద్ధి కాదు. ఆ రాత ఒక్కటే చాలదని 2003లో మదురై కామరాజ్ విశ్వవిద్యాలయం నుంచి జాయిస్ జోస్, ఆర్. ఉష చూపించారు. వైరస్ డీఎన్ఏ ఒక్కదాన్నే బెండకు ఎక్కిస్తే ఆకు ముడుచుకుందే గాని, ఈనె పసుపెక్కలేదు. దానితోపాటు 1,350 అక్షరాల ఇంకో చిన్న డీఎన్ఏ చుట్టను కలిపి ఎక్కించినప్పుడే అసలు తెగులు దిగింది. దీన్ని బీటా ఉపగ్రహం అంటారు. దానికి సొంతంగా పెరిగే శక్తి లేదు, సొంత పొర లేదు, వైరస్ నీడనే బతుకుతుంది. కానీ దానిలో ఉన్న ఒకే ఒక్క జన్యువు మొక్క రక్షణ వ్యవస్థ నోరు నొక్కేస్తుంది. అరవై ఏళ్లు వైరస్‌దే అనుకున్న పసుపు చాలావరకు ఈ తోడుదొంగ పని.

ఇలాంటి జంట బెండకే పరిమితం కాదు. 2000 ప్రాంతంలో ఒక కలుపు మొక్కలో, ఆ మరుసటి ఏడు పాకిస్తాన్ పత్తిని ముంచిన ఆకు ముడత తెగులులో ఇవి దొరికాయి. జపాన్‌లో క్రీ.శ. 752లో కోకెన్ మహారాణి, వేసవిలోనే పసుపెక్కిన ఒక మొక్కను చూసి పద్యం చెప్పింది. అది మన్యోషు అనే ప్రాచీన సంకలనంలో ఉంది. ఆ జాతి మొక్కల ఈనెల పసుపుకు కూడా వైరస్, బీటా ఉపగ్రహం కలిసే కారణమని 2003లోనే నేచర్ పత్రికలో వచ్చింది. మొక్కల వైరస్ తెగులు గురించి మనిషి చేసిన తొలి ప్రస్తావన ఆ పద్యమేనంటారు. ఎండకు ఎత్తి పట్టుకున్న బెండాకు ఎందుకు అందంగా ఉంటుందో ఆమెకు తెలిసి ఉండేది.

మదురై తర్వాత లెక్కలు వేగంగా పెరిగాయి. వెంకటరవణప్ప అనే శాస్త్రవేత్త బృందంతో పాటు మరికొందరు రాష్ట్రం తర్వాత రాష్ట్రం తిరిగి బెండాకులు సేకరించి, వాటిలోని డీఎన్ఏను అక్షరం అక్షరం చదివారు. ఒకే వైరస్ దొరుకుతుందనుకున్న చోట భువనేశ్వర్ పేరుతో ఒకటి, హర్యానా పేరుతో ఒకటి, ఢిల్లీ పేరుతో ఇంకొకటి వచ్చాయి. ఢిల్లీది ఒక్క చుట్ట కాదు, రెండు చుట్టల వైరస్. మొటిమల ఆకు ముడతది వేరే జాతి. ఏది వేరు జాతి, ఏది అదే జాతిలో చిన్న తేడా అనేది తేల్చడానికి అంతర్జాతీయ నియమం ఒకటుంది. రెండింటి అక్షరాలనూ పక్కపక్కన పెట్టి పోల్చాలి. నూటికి 91, అంతకు మించి కలిస్తే ఒకటే జాతి. 2015కు ముందు ఆ గీత 89 దగ్గర ఉండేది. గీత జరిగినప్పుడల్లా కొన్ని పేర్లు పుడతాయి, కొన్ని పోతాయి. చేలో ఉన్న వైరస్ మాత్రం ఆ గీత కోసం ఆగదు.

ఇంత వైవిధ్యం ఎలా వస్తుంది? ఒకటి, ఈ వైరస్‌లు డీఎన్ఏవే అయినా ఆర్ఎన్ఏ వైరస్‌లంత చురుగ్గా అక్షరాలు మార్చుకుంటాయి. రెండోది ఇంకా బలమైనది. ఒకే మొక్కలోకి, ఒకే కణంలోకి రెండు వేర్వేరు వైరస్‌లు చేరితే, నకలు తీసుకునే వేళ ఒకదాని సగం, ఇంకోదాని సగం కలిసి మూడోది పుడుతుంది. బెండ వైరస్‌ల డీఎన్ఏలో ఇలాంటి అతుకులు ఎన్నో కనబడ్డాయి. పాత వైరస్‌ను చూసి ఏరిన విత్తనం ఈ మూడోదాన్ని ఎన్నడూ చూసి ఉండదు. పైగా ఉపగ్రహాలు ఒకే వైరస్‌కు కట్టుబడి ఉండవు, తోడు మార్చుకుంటాయి.

రెండు వైరస్‌లు ఒకచోట చేరాలంటే మోసే పురుగు ఊరంతా తిరగాలి. ఆ తిరుగుడు తెలుగు నేలకు బాగా తెలుసు. 1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ మేఘంలా విరుచుకుపడింది. కాయతొలుచు పురుగు కోసమని పైరెథ్రాయిడ్ మందులు విచక్షణ లేకుండా కొట్టడం వల్ల తెల్లదోమను తినే మిత్ర పురుగులు పోయి, అది అడ్డూ ఆపూ లేకుండా పెరిగింది. పత్తి, బెండ, గోంగూర ఒకే కుటుంబం. పత్తి చేను ఎండితే పక్కనున్న బెండ మడి దానికి విడిది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నార కోసం వేసే గోగుకు, అంటే మెస్తాకు కూడా ఇలాంటి ఈనెల పసుపే ఉంది. దాని వైరస్‌ను 2005లో పశ్చిమ బెంగాల్ నుంచి, తర్వాత ఉత్తరప్రదేశ్‌లోని బహ్రాయిచ్ నుంచి వేర్వేరుగా గుర్తించారు. వాటికి కూడా ఉపగ్రహం తోడుంది.

తెల్లదోమ కూడా ఒక్కటి కాదు. 1889లో గ్రీసు పొగాకు చేలో పట్టి, పొగాకు మీదుగా పేరు పెట్టిన ఈ పురుగు, చూపుకు ఒకేలా ఉండే ముప్పైకి పైగా జాతుల సమూహమని ఇప్పుడు లెక్క. వాటిలో బాగా దూకుడైన ఒక రకం 1999లో కర్ణాటకలోని కోలారు టమోటా తోటల్లో బయటపడింది. అనంతపురం, చిత్తూరు సరిహద్దు అక్కడికి ఎంత దూరం! ఏ రకం తెల్లదోమ ఏ వైరస్‌ను బాగా మోస్తుందన్నది ఊరూరా మారుతుంది.

ఈ లెక్కలన్నీ ముందు పెట్టుకుని విత్తనాల అంగట్లో నిలబడితే, ప్యాకెట్ మీది ఒక మాట కంటికి గుచ్చుకుంటుంది. పల్లాకు తెగులును తట్టుకుంటుంది, అని. ఏ పల్లాకు? భువనేశ్వర్‌దా, హర్యానాదా, ఏ ఉపగ్రహంతో కలిసినదా? ఏ జిల్లాలో, ఏ కాలంలో వేసి చూశారు? పూసా సావని కాలంలో ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే సాధనం లేదు. ఇప్పుడుంది. గ్రాము ఆకుతో ఏ వైరస్సో తేలిపోతుంది. రైతు ఇప్పుడు సొంత గింజ కట్టడం మానేసి, ప్రతి పంటకూ హైబ్రిడ్ విత్తనం కిలో లెక్కన డబ్బు పెట్టి కొంటున్నాడు. అలాంటప్పుడు ఆ ఒక్క వాక్యం ఎక్కడ పరీక్షించి రాసిందో అతనికి చెప్పాలి. నిన్న కర్నూలులో నిలిచిన రకం రేపు వరంగల్‌లో పసుపెక్కితే, తప్పు అతని సేద్యానిది కాదు.

ప్రపంచంలో పండే బెండలో సగానికి పైగా మన దేశంలోదే. ఇంత విస్తీర్ణంలో, దాదాపు ఏడాది పొడవునా, కొద్ది మూలాల నుంచి వచ్చిన విత్తనాలే పెరుగుతున్నాయి. వైరస్ వైపు మంద పెరుగుతుంటే మొక్క వైపు కులం చిన్నదవుతోంది. ఐసీ-1542 లాంటి నంబరు ఇంకొకటి దొరకాలంటే పెరటి బెండలు, తెల్ల బెండలు, ఏడు పలకల బెండలు, గట్ల మీది అడవి బెండలు మిగిలి ఉండాలి. జాతీయ విత్తన భాండాగారం ప్రాంతీయ కేంద్రం ఒకటి హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్‌లో ఉంది. గట్టు మీది మొక్క అక్కడికి చేరేలోపే కలుపు మందుకు మాడిపోతే అది ఇక ఏ రికార్డులోనూ ఉండదు.

ఇప్పుడు తెగులు చూడ్డానికి చేలోకి వచ్చే శాస్త్రవేత్త చేసే పని చాలా నెమ్మదైనది. పసుపెక్కిన కొస ఆకు ఒకటి, దాని పక్కనే పచ్చగా ఉన్న ఆకు ఒకటి తుంచి, తడి లేకుండా తుడిచి, కాగితం మడతల్లో పెడతాడు. పచ్చ ఆకును కూడా తీసుకోవడం పూసా సావని నేర్పిన పాఠం. కాగితం మీద పెన్సిలుతో ఊరి పేరు, విత్తన రకం, మొలిచి ఎన్ని రోజులైందో రాస్తాడు. పక్క సాలులో కోతకు దిగిన ఆవిడ అప్పటికే రెండు పల్లాకు మొక్కలను వేళ్లతో సహా పీకి, తెల్లదోమ లేవకుండా కొంగులో మూటగట్టుకుని, గట్టు అవతల మంట దగ్గరికి నడుస్తూ ఉంటుంది.